కొత్త పికప్ అడుగున తుప్పు: ఏది మామూలు, ఏది ప్రమాదం, ఎలా ఆపాలి

కొని ఏడాది కూడా తిరగలేదు. ఏదో పని పడి బండి కిందికి వంగి చూస్తే ఛాసిస్ అతుకుల మీద, యాక్సిల్ మీద ఎర్రటి మరకలు. ఇంత డబ్బు పోసి కొన్న బండికి అప్పుడే తుప్పా అని ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. ఆ కంగారులో చాలామంది మొదట చేసే పని, నల్లటి అండర్‌కోటింగ్ డబ్బా తెచ్చి కిందంతా కొట్టేయడం. దయచేసి ఆ పని ఇప్పుడే చేయకండి. కోటింగ్ వేసినంత మాత్రాన దాని కిందున్న తుప్పు ఆగదు. పైగా రేపు కంపెనీకి చూపించాల్సిన సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే కప్పేసినవారవుతారు. ఈ పనిలో వరస చాలా ముఖ్యం: ముందు చూడాలి, తర్వాత ఫోటోలు తీసి పెట్టుకోవాలి, ఆ తర్వాత కంపెనీని అడగాలి. బ్రష్షు పట్టుకునేది ఆఖరున.

మామూలు తుప్పు, మామూలు కాని తుప్పు

పికప్‌కి కారుకి ఉన్న తేడా ఇక్కడ తెలియాలి. క్యాబిన్, డోర్లు, వెనక తొట్టి వంటి పలుచని రేకులకు చాలా బండ్లలో జింకు పూత ఉంటుంది. వాటన్నిటినీ మోసే నిచ్చెన ఆకారపు ఛాసిస్ మాత్రం మందమైన ఉక్కు. దానికి సాధారణంగా రంగో, మైనమో పూస్తారు తప్ప జింకు పూత అరుదు. డిఫరెన్షియల్ గుండు, యాక్సిల్ చివర్ల వంటి పోత ఇనుము భాగాలకైతే పలుచని రంగు మాత్రమే ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు.

అందుకే డిఫరెన్షియల్ మీద, యు-బోల్టుల మీద, టోయింగ్ హుక్ బోల్టుల మీద కొన్ని వారాల్లోనే ఎర్ర పొర వస్తుంది. ఆ లోహం మందం ముందు ఆ పొర లెక్కలోకి రాదు. బ్రేక్ డిస్కులు ఒక్క రాత్రి మంచుకే ఎర్రబడతాయి, పొద్దున రెండుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది. సైలెన్సర్ గొట్టాలకు ఎక్కువగా వాడేది 409 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు. అందులో క్రోమియం సుమారు 11 శాతమే కాబట్టి పైన గోధుమ రంగు తిరగడం దాని సహజ గుణం. వీటి కోసం షోరూంలో గొడవ పడితే మీ అసలు ఫిర్యాదు కూడా తేలిపోతుంది.

పట్టించుకోవాల్సినవి వేరు. ఛాసిస్ వెల్డింగ్ అతుకుల వెంట గీతలా సాగిన తుప్పు, రంగు కింద బుడగలు, గోటితో గీరితే పెచ్చులుగా ఊడే పొరలు, బ్రేక్ ఆయిల్ గొట్టాల మీద తుప్పు, కమాన్ కట్టలు వేలాడే బ్రాకెట్ల దగ్గర ఉబ్బు, క్యాబిన్ అడుగు రేకుల జాయింట్లలోంచి కారిన ఎర్ర చారలు. వీటిలో ఏది కనిపించినా కొత్త బండి కదా అని వదిలేయకూడదు.

అతుకుల దగ్గరే ముందు ఎందుకు మొదలవుతుందంటే, వెల్డింగ్ చేసినప్పుడు కరిగి గట్టిపడిన లోహపు గీత మీద గాజులాంటి సిలికా పెంకు మిగులుతుంది. దాని మీద రంగు సరిగా పట్టదు. కొన్నాళ్లకు ఆ పెంకు రాలితే రంగూ దాంతోపాటే రాలిపోతుంది. ఉక్కు పట్టీల పదునైన అంచుల దగ్గర ఇంకో చిక్కు: రంగును ఓవెన్‌లో కాల్చేటప్పుడు అది అంచు నుంచి వెనక్కి లాగుకుంటుంది, అక్కడ పూత పలుచనవుతుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. కాబట్టి చిన్న చుక్కలా మొదలైంది పక్కనున్న మంచి రంగును కూడా పైకి లేపుకుంటూ పోతుంది.

కింద దూరి చూడటం

ముందు ప్రాణం సంగతి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. గట్టి, చదునైన నేల మీద ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, బరువుకు సరిపడే స్టాండ్లు పెట్టాకే పడుకోండి. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఎత్తకుండానే చూడొచ్చు. అలా వీలైతే అదే మేలు.

మంచి టార్చి, చిన్న అద్దం, స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, గుడ్డ ఉంటే చాలు. ముందు బురద కడిగి ఆరనివ్వండి, బురద కింద ఏమీ కనిపించదు. వెనక నుంచి మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే తడి, మట్టి ఎక్కువగా చేరేది అక్కడే: స్టెప్నీ చక్రం పైభాగం, వెనక యాక్సిల్ మీదుగా ఛాసిస్ వంపు తిరిగే చోటు, కమాన్ బ్రాకెట్లు, డీజిల్ లేదా పెట్రోల్ ట్యాంకు పైనున్న ఇరుకు. ఒక పట్టీ మీద ఇంకో పట్టీ కప్పి వెల్డింగ్ చేసిన అడ్డ పట్టీల సందులు తప్పక చూడండి. ఆ సందులో చేరిన నీరు త్వరగా ఆరదు.

పెట్టె ఆకారపు ఛాసిస్ అయితే బయట చూసినదాన్ని బట్టి లోపల ఎలా ఉందో చెప్పలేం. ఫోన్‌కి తగిలించుకునే సన్నటి గొట్టం కెమెరాలు దొరుకుతాయి, ఛాసిస్‌కి ఉన్న రంధ్రాల్లోంచి దాన్ని పంపి చూడొచ్చు. లోపల పొడి దుమ్ము ఉంటే సరే. తడిసిన మట్టి ముద్ద ఉందంటే తుప్పు లోపల్నుంచి బయటికి వస్తోందని అనుమానించాలి.

తర్వాత చేత్తో తెలుసుకోవాలి. గుడ్డతో తుడిస్తే పోయే ఎర్ర పొడి కేవలం మరక. పక్కనున్న బోల్టు నుంచి కారి ఉండొచ్చు. వైర్ బ్రష్‌తో రుద్దితే మెరిసే ఇనుము కనిపిస్తే అది పైతుప్పు. రుద్దాక చిన్న చిన్న గుంటలు మిగిలితే తుప్పు లోహాన్ని తినడం మొదలైనట్టే. పెచ్చులు ఊడే చోట సుత్తితో మెల్లగా కొట్టండి. గట్టి లోహం ఖంగుమంటుంది, తినేసిన చోట మొద్దు శబ్దం వస్తుంది. స్క్రూడ్రైవర్ మొన దిగబడిందంటే ఇక సొంత రిపేరు ఆలోచన మానేయాల్సిందే. బ్రేక్ గొట్టాల మీద మాత్రం సుత్తి, స్క్రూడ్రైవర్ పెట్టకండి. కళ్లతో చూసి, పొక్కినట్టు ఉంటే బండి మెకానిక్‌కి చూపించండి. మిగతా తుప్పు వాయిదా పడొచ్చు, బ్రేక్ గొట్టం పడదు.

ఇంత త్వరగా ఎలా వచ్చింది?

కారణం తెలియకుండా మందు వేస్తే మళ్లీ వస్తుంది. ముందు డోరు ఫ్రేమ్ మీదున్న స్టిక్కర్‌లో తయారైన నెల, సంవత్సరం చూడండి. బండి మీ చేతికి వచ్చిన తేదీకి, దానికి మధ్య చాలా నెలల తేడా ఉంటే అది ఏదో యార్డులో మట్టి మీదో గడ్డి మీదో ఎండావానల్లో నిలబడి ఉంటుంది. ఓడలో, సముద్రం పక్క యార్డుల్లో గడిపిన కాలమూ ఈ లెక్కలోకే వస్తుంది. మీరు చూసిన తుప్పులో కొంత మీ దగ్గరికి రాకముందే మొదలై ఉండొచ్చు. ఫిర్యాదులో ఇది చాలా బలమైన అంశం.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి: బండి ఎప్పుడైనా వరద నీటిలో మునిగిందా? సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో, కార్పెట్ ఎత్తితే కింద సన్నటి ఒండ్రు ఉందేమో, హెడ్‌లైట్ల లోపల నీటి గీత ఉందేమో చూడండి. క్యాబిన్ లోపలి బోల్టులకు కూడా తుప్పు ఉంటే సమస్య అడుగు భాగానిది మాత్రమే కాదు. అప్పుడు మీరు అడగాల్సింది రిపేరు గురించి కాదు, అలాంటి బండిని మీకు కొత్తదని ఎలా అమ్మారని.

ఇవేవీ కాకపోతే కారణం దాదాపుగా ఉప్పే. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లేది, సముద్రపు గాలిలో వచ్చేది, పడవను నీళ్లలోకి దించేటప్పుడు వెనక చక్రాలకు అంటేది, ఎరువుల బస్తాల నుంచి రాలేది, అన్నీ ఒకే పని చేస్తాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చుకుని ద్రవంగా మారుతుంది. మంచు రోడ్ల మీద, దుమ్ము లేవకుండా మట్టి రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ అంతకంటే మొండివి. తేమ మూడో వంతు ఉన్నా చాలు, తడిగానే ఉంటాయి. అంటే పైకి పొడిగా కనిపించే రోజున కూడా ఆ సందుల్లో తుప్పు పని చేస్తూనే ఉంటుంది. ఉప్పు తడితో వచ్చిన బండిని కడగకుండా వెచ్చటి గ్యారేజీలో పెట్టడం ఇందుకే మంచిది కాదు. వెచ్చదనం పెరిగేకొద్దీ తుప్పు వేగమూ పెరుగుతుంది.

ఫోటోలు, వారంటీ, షోరూం

డబ్బు మిగిలేదీ పోయేదీ ఈ దశలోనే. ప్రతి చోటునూ రెండు ఫోటోలు తీయండి: ఒకటి దూరం నుంచి అది బండిలో ఎక్కడుందో తెలిసేలా, ఒకటి దగ్గర నుంచి స్కేలు పక్కన పెట్టి. ఓడోమీటర్, ఛాసిస్ నంబర్, తయారీ తేదీ స్టిక్కర్ కూడా ఆ రోజే తీయండి. ఒక చిన్న వీడియోలో పెచ్చు ఊడటం చూపిస్తే ఇంకా మంచిది.

తర్వాత వారంటీ పుస్తకం తీయండి. అందులో సాధారణంగా రెండు వేర్వేరు హామీలు ఉంటాయి, జనం వాటిని కలిపేస్తారు. తుప్పు వారంటీ అని పెద్ద అక్షరాల్లో, ఎక్కువ సంవత్సరాలకు రాసేది చాలావరకు చిల్లు పడితేనే వర్తిస్తుంది. అదీ బాడీ రేకులకు, లోపల్నుంచి బయటికి పడిన చిల్లుకు. కొత్త బండికి చిల్లు ఎందుకు పడుతుంది? కాబట్టి ఆ పేజీ చూపించి మిమ్మల్ని వెనక్కి పంపడం చాలా తేలిక. మీకు పనికొచ్చేది తక్కువ కాలం ఉండే మూల వారంటీ. తయారీలో, పనితనంలో లోపం ఉంటే సరిచేస్తామని అందులో రాసి ఉంటుంది. అతుకు మీద రంగు నిలవకపోవడం పనితనం లోపమే. షోరూంలో 'తుప్పు పట్టింది' అని చెబితే మొదటి పేజీ తీస్తారు. 'ఛాసిస్ అతుకుల మీద పూత ఊడిపోతోంది' అని చెబితే రెండో పేజీ తీయాల్సి వస్తుంది. రెండో వాక్యమే రాయించండి.

రాయించడం అంటే నిజంగానే జాబ్ కార్డు మీద. నోటి మాటకు విలువ లేదు. సర్వీస్ అడ్వైజర్ 'ఇది అన్ని బండ్లకూ ఉండేదే సార్' అంటే, ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వమనండి. రాయడానికి వెనకాడితే మీకు కొంత అర్థమైనట్టే. రాస్తే, మూల వారంటీ గడువు లోపలే మీరు ఫిర్యాదు చేశారని రుజువు దొరికినట్టు. రేపు గడువు దాటాక అదే చోట పెరిగితే ఆ కాగితమే ఆధారం. షోరూం కుదరదంటే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోటోలతో ఈమెయిల్ పంపండి. ఆపైన మీ దేశపు వినియోగదారుల వేదిక ఉంది. ఛాసిస్ నంబర్ ఇచ్చి ఏదైనా రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీయే బండ్లను వెనక్కి పిలవడం) ఉందేమో కూడా కనుక్కోండి.

ఛాసిస్ తుప్పును కంపెనీలు ఎప్పుడూ పట్టించుకోవు అనుకోవద్దు. అమెరికాలో టొయోటా 2016లో ఒక సామూహిక దావాను రాజీ చేసుకుంది. 2005–2010 టకోమా, 2007–2008 టండ్రా, 2005–2008 సెక్వోయా మోడళ్ల ఛాసిస్‌లు తుప్పు పట్టి తినేసుకుపోవడం గురించి ఆ దావా. తనిఖీ చేసి, అవసరమైతే ఛాసిస్ మొత్తం మార్చి ఇవ్వడం ఆ ఒప్పందంలో భాగం. మొత్తం విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా వేశారు.

షోరూం వాళ్లు ఒప్పుకుని 'స్ప్రే కొట్టి ఇస్తాం' అంటే సంతోషించే ముందు ఒక ప్రశ్న వేయండి: కొట్టే ముందు ఏం చేస్తారు? రుద్ది, కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేసి అని చెబితే సరే. నేరుగా నల్ల కోటింగ్ అంటే వద్దనండి. మీరే సొంతంగా చేయించుకోవాలనుకుంటే బయటి కోటింగ్ వల్ల వారంటీకి ఇబ్బంది ఉంటుందా అని ముందే రాతపూర్వకంగా అడగడం మంచిది. కొన్ని కంపెనీలు ముఖ్యంగా కొత్త రంధ్రాలు పెట్టి లోపల స్ప్రే చేయడాన్ని ఒప్పుకోవు.

సొంతంగా రిపేరు

ఇది పైతుప్పుకూ, లోతు లేని గుంటలకూ మాత్రమే. చిల్లు, మెత్తబడిన లోహం, బ్రాకెట్ ఉబ్బు, బ్రేక్ గొట్టం ఉంటే నిపుణుల దగ్గరికే వెళ్లాలి. ఛాసిస్‌కి ఇంట్లో వెల్డింగ్ పెట్టకండి. గట్టి ఉక్కు వేడికి బలం కోల్పోతుంది, అతుకు గట్టిగా కనిపించినా దాని పక్కనే విరగొచ్చు.

మొదట జిడ్డు పోయే డీగ్రీజర్‌తో కడిగి, తర్వాత బోలెడు మంచినీళ్లతో కడగండి. ఉప్పు పోవడానికి ప్రెజర్ కంటే ఎక్కువ నీళ్లు ముఖ్యం. ప్రెజర్ వాషర్ వాడితే దాన్ని వైర్ల కనెక్టర్ల మీద, ఏబీఎస్ సెన్సర్ల మీద, సీళ్ల మీద సూటిగా పెట్టకండి. ఛాసిస్ రంధ్రాల్లోంచి పైపు పెట్టి లోపలి మట్టి కూడా బయటికి తోయండి. పూర్తిగా ఆరడానికి కనీసం ఒక రోజు ఇవ్వండి.

తర్వాత గీకడం. ఊడే పొరలను స్క్రేపర్‌తో తీసి, వైర్ బ్రష్‌తో రుద్ది, 80 నంబర్ ఎమరీ పేపర్‌తో చుట్టూ మంచి రంగు అంచును పలుచగా దిద్దండి. గ్రైండర్‌కి వైర్ కప్పు పెడితే పని త్వరగా అవుతుంది, కానీ దాని తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు సరిపోవు, ముఖం మొత్తం కప్పే షీల్డు, మాస్కు ఉండాలి. ఇంధన ట్యాంకు, గొట్టాల దగ్గర నిప్పురవ్వలు వచ్చే పని వద్దు, అక్కడ చేత్తోనే రుద్దండి. గ్రైండింగ్ రాయితో లోహాన్ని అరగదీయకండి. పోవాల్సింది తుప్పు, ఉక్కు మందం కాదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే మెట్టు ఒకటి ఉంది. రుద్దిన చోటును మళ్లీ నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మర్నాడు చూడండి. గుంటల్లోంచి నల్లగానో ఎర్రగానో చుక్కలు చెమ్మగిల్లుతుంటే లోపల ఇంకా ఉప్పు ఉన్నట్టు. మళ్లీ కడగండి. ఉప్పును లోపలే ఉంచి ఎంత ఖరీదైన పెయింట్ వేసినా అది పొక్కి లేస్తుంది.

గుంటల్లో ఎంత రుద్దినా పోని తుప్పు కోసం రస్ట్ కన్వర్టర్ ఉంది. టానిక్ ఆమ్లంతో చేసినవి తుప్పును నల్లటి ఐరన్ టానేట్‌గా మారుస్తాయి, ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసినవి ఐరన్ ఫాస్ఫేట్‌గా. రెండిటికీ పని చేయడానికి తుప్పు ఉండాలి. మెరిసే ఇనుము మీద పూస్తే ఉపయోగం లేదు. పెచ్చుల మీద పూసినా పైపొరే మారుతుంది, అడుగున అలాగే ఉంటుంది. ఇంకో జాగ్రత్త: కమాన్ కట్టలకు, స్ప్రింగులకు, బాగా గట్టి బోల్టులకు ఆమ్లం పూయకండి. ఆమ్లం వల్ల పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చేరి దాన్ని పెళుసుగా మార్చగలదు. వాటికి బ్రష్షు, ఆపైన ఆయిల్ చాలు.

ప్రైమర్ ఎంపికలో ఒక గందరగోళం ఉంటుంది. జింకు ప్రైమర్ శుభ్రమైన ఉక్కును నేరుగా తాకితేనే పని చేస్తుంది, ఎందుకంటే ఉక్కుకు బదులు తాను కరిగిపోవడమే దాని పని. కన్వర్టర్ మీద వేస్తే అది మామూలు బూడిద రంగు మాత్రమే. కన్వర్టర్ వాడిన చోట ఎపాక్సీ ప్రైమర్ మేలు, కానీ ఫాస్ఫారిక్ ఆమ్లం అవశేషం మిగిలితే ఎపాక్సీ సరిగా గట్టిపడదు. డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టాలి. ఒకే కంపెనీ కన్వర్టర్, ప్రైమర్, పెయింట్ తీసుకుంటే ఈ తలనొప్పి తగ్గుతుంది. వాన పడే పొద్దున పెయింట్ పని పెట్టుకోకండి. లోహం ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలన్నది పెయింటు పనివాళ్ల నియమం. లేకపోతే కంటికి కనిపించని తడి మీద రంగు వేసినట్టే. రెండు పలుచని కోట్లు వేయండి, అంచుల మీద, అతుకుల మీద ముందుగా బ్రష్‌తో ఒక అదనపు కోటు వేయండి. తుప్పు మొదలయ్యింది అక్కడే కదా.

పైన ఏం పూయాలి?

గట్టిపడే రబ్బరు, తారు రకం కోటింగ్‌లు నాకు నచ్చవు. కొత్తలో చూడ్డానికి బాగుంటాయి. ఒక రాయి తగిలి చిన్న పగులు వస్తే నీరు లోపలికి దూరి అక్కడే ఉండిపోతుంది, బయటికి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఏళ్ల తర్వాత ఒక పొర లేస్తేగానీ తెలియదు. గట్టిపడని ఆయిల్, లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు), మైనం రకాలు అంటుకుంటాయి, దుమ్ము పడతాయి, ఏటా మళ్లీ వేయాలి. అయినా అవి సందుల్లోకి పాకుతాయి, గీత పడితే మళ్లీ కప్పుకుంటాయి, లోపల ఏం జరుగుతోందో దాచవు. పెట్టె ఛాసిస్ లోపలికైతే పొడవాటి గొట్టం నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల కొట్టే మైనం) కొట్టడమే సరైన పని.

బ్రేక్ డిస్కులు, డ్రమ్ములు, ప్యాడ్ల దగ్గరికి ఏ స్ప్రే వెళ్లకూడదు, ముందే కవర్లు కట్టండి. సైలెన్సర్, ఆక్సిజన్ సెన్సర్, వైర్ కనెక్టర్లు, ఎర్త్ వైర్ బిగించిన చోటు, రబ్బరు బుష్‌లు కూడా వదిలేయాలి. పెట్రోలియం నూనెలకు కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఛాసిస్ కింద, డోర్ల కింద నీరు కారే రంధ్రాలు మూసుకుపోకూడదు.

కరెంటుతో తుప్పు ఆపుతామని చెప్పి అమ్మే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలకు డబ్బు పెట్టకండి. కరెంటుతో రక్షణ నిజమే, ఓడల అడుగుకూ భూమిలోని పైపులకూ పని చేస్తుంది. ఎందుకంటే వాటి చుట్టూ నీరో తడి నేలో ఆగకుండా ఉండి కరెంటు తిరిగే దారి ఇస్తుంది. గాలిలో తిరిగే బండికి ఆ దారి లేదు.

తర్వాతి నెలలు

ఉప్పు తగిలిన ప్రతిసారీ, వీలైనంత త్వరగా, అడుగు భాగం మంచినీళ్లతో కడగండి. ఛాసిస్ మీద పేరుకున్న మట్టిని వేళ్లతో తీసేయండి, అది తడిని పట్టి ఉంచుతుంది. స్టెప్నీని దించే చైన్ మెకానిజానికి ఏడాదికోసారి గ్రీజు పెట్టండి. అది బిగుసుకుపోయిందని తెలిసేది సరిగ్గా టైరు పంక్చరైన రోజే.

రిపేరు చేసిన చోట్లను మొదటి వానాకాలం లేదా మంచుకాలం ముగిశాక అవే కోణాల్లో మళ్లీ ఫోటో తీయండి. పైన గీత పడి వచ్చిన చుక్క అయితే అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. అదే అతుకు వెంట, అదే పొడవున తుప్పు తిరిగి వచ్చిందంటే తడి లోపల్నుంచి, పట్టీల సందులోంచి వస్తోంది. దానికి బయటి పెయింట్ ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు. పాత ఫోటోలు, కొత్త ఫోటోలు, మొదటి జాబ్ కార్డు ఒక్కచోట పెట్టి, మూల వారంటీ గడువు ముగిసేలోపే మళ్లీ షోరూంకి వెళ్లండి.